మెదడుకు కరెంటు చికిత్స: భయం ఎంతవరకు, ఆశ ఎంతవరకు?



మన సంఘం కార్యాలయానికి అర్జీలు రాయించుకోవడానికి, దవాఖాన కాగితాలు చదివించుకోవడానికి వచ్చేవారు ఈ మధ్య రెండు ప్రశ్నలు తరచుగా అడుగుతున్నారు. మొదటిది గట్టిగానే అడుగుతారు: "హైదరాబాద్‌లో మెదడులో తీగ పెడతారట, చేతుల వణుకు ఆగిపోతుందట, నిజమేనా అన్నా?" రెండోది గొంతు తగ్గించి అడుగుతారు: "మా ఇంట్లో మనిషికి కరెంటు పెట్టాలంటున్నారు, ఒప్పుకోవచ్చా?" మొదటి ప్రశ్నలో ఆశ ఉంది, రెండో ప్రశ్నలో భయం ఉంది. కానీ రెండూ ఒకే విద్యకు సంబంధించినవి. మెదడులోని ఒక భాగానికి కొలిచి, లెక్కగా విద్యుత్తునో అయస్కాంత శక్తినో అందించి జబ్బును అదుపులో పెట్టే విద్య అది.

మేము డాక్టర్లం కాము. ఈ వ్యాసం చదివి ఎవరూ మందులు మానవద్దు, మార్చవద్దు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియాలి, అనవసరమైన భయంతోనో అతి ఆశతోనో మనవాళ్లు నష్టపోకూడదు అన్నదే మా ఉద్దేశం.

మెదడు నడిచేదే కరెంటుతో

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది అతి చిన్న విద్యుత్ సంకేతాలతోనూ, కొన్ని రసాయనాలతోనూ. ఈ మాటల్లో లయ తప్పితే జబ్బు వస్తుంది. ఎక్కడ తప్పిందన్నదాన్ని బట్టి జబ్బు రూపం మారుతుంది.

మన బీదరు బిద్రీ పనివారిని చూడండి. లోహపు పాత్ర మీద సన్నని ఉలితో గీత చెక్కి, అందులో వెండి తీగ కూర్చాలంటే చెయ్యి ఎంత నిలకడగా ఉండాలి! ఆ నిలకడ వేళ్లలో పుట్టదు, మెదడు లోతుల్లో పుడుతుంది. అక్కడ డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తే చెయ్యి వణుకుతుంది, నడక నెమ్మదిస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. దీన్నే పార్కిన్సన్ అంటారు. మన పెద్దలు కంపవాతం అనేవారు. నాడీకణాలు ఒక్కసారిగా గుంపుగా అదుపు తప్పి సంకేతాలు పంపితే అది మూర్ఛ. మనసును, ఆశను, నిద్రను, ఆకలిని నడిపే మార్గాలు మందగిస్తే అది కుంగుబాటు, అంటే డిప్రెషన్.

మాత్ర వేసుకుంటే మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. అవసరమైన చోటికీ వెళ్తుంది, అవసరం లేని చోటికీ వెళ్తుంది. కరెంటు చికిత్సల్లో చాలావాటి లక్ష్యం తప్పు జరిగిన మార్గాన్నే వెతికి పట్టుకోవడం. ఈ ఆలోచన కొత్తది కాదు. రెండు వేల ఏళ్ల కిందటే రోమ్‌లో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పికి విద్యుత్ చేపను తల మీద పెట్టమని రాశాడు. ఈనాటి తేడా ఏమిటంటే, ఎంత కరెంటు, ఎక్కడ, ఎంతసేపు అన్నది కొలిచి ఇవ్వగలుగుతున్నాం.

అందరూ భయపడే 'షాక్' సంగతి

ముందుగా భయం సంగతే చూద్దాం. ఈసీటీ అనే చికిత్సను 1938లో ఇటలీలోని రోమ్ నగరంలో ఉగో సెర్లెట్టి, లూచో బిని అనే ఇద్దరు వైద్యులు మొదలుపెట్టారు. తొలి రోజుల్లో మత్తు లేకుండా ఇచ్చేవారు. రోగి మెలకువతో ఉండగానే మూర్ఛ వచ్చేది, ఎముకలు విరిగిన సందర్భాలూ ఉండేవి. మన సినిమాల్లో ఈనాటికీ చూపించేది ఆ పాత పద్ధతినే. హీరోనో హీరోయిన్‌నో మంచానికి కట్టేసి, పళ్ల మధ్య గుడ్డ పెట్టి, శిక్షలాగా షాక్ ఇస్తారు. ఆ దృశ్యమే మన జనం మనసులో నిలిచిపోయింది.

ఇప్పుడు జరిగేది వేరు. మత్తు డాక్టరు సూది ఇచ్చి నిద్రపుచ్చుతారు. కండరాలు వదులయ్యే మందు ఇస్తారు. ఆక్సిజన్ పెడతారు. ఆ తరువాత కొన్ని సెకన్ల పాటు కొలిచిన కరెంటు ఇస్తారు. మెదడులో అదుపులో ఉన్న మూర్ఛ ఒకటి వచ్చి ఒక నిమిషం లోపలే ముగుస్తుంది. శరీరం పెద్దగా కదలదు. రోగికి నొప్పి తెలియదు. సాధారణంగా వారానికి రెండు మూడు చొప్పున, మొత్తం 6 నుంచి 12 సార్లు ఇస్తారు.

ఎవరికి ఇస్తారు? అన్నం నీళ్లు మానేసి మంచానికి అతుక్కుపోయినవారికి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన బలంగా ఉన్నవారికి, కట్టెలాగా బిగుసుకుపోయి మాట పలుకు లేని కాటటోనియా స్థితిలో ఉన్నవారికి, మందులు పనిచేయని తీవ్రమైన కుంగుబాటుకు. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. ప్రాణం మీదికి వచ్చినవారికి అన్ని వారాల వ్యవధి ఉండదు. అందుకే ఇన్ని కొత్త చికిత్సలు వచ్చినా ఈసీటీని డాక్టర్లు వదిలిపెట్టలేదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. చికిత్స రోజున తలనొప్పి, కాసేపు అయోమయం ఉంటాయి. చికిత్స జరిగిన రోజుల చుట్టూ జరిగిన సంగతులు కొన్ని మరిచిపోవచ్చు. చాలామందికి కొత్త విషయాలు గుర్తుంచుకునే శక్తి కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది గానీ, పాత జ్ఞాపకాల్లో కొన్ని ఖాళీలు మిగిలిపోయేవారు ఉన్నారు. ఈ సంగతి డాక్టరు ముందే చెప్పాలి, మనం ముందే అడగాలి.

చట్టం కూడా మన పక్షాన ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం మత్తు, కండరాలు వదులయ్యే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వాలంటే సంరక్షకుల సమ్మతి, సంబంధిత బోర్డు ముందస్తు అనుమతి రెండూ ఉండాలి. ఇంకొక మాట ముఖ్యం. తన చికిత్స గురించి నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న రోగి నుంచి ఆ రోగి సమ్మతే తీసుకోవాలి. భర్త సంతకం, మామగారి సంతకం దానికి బదులు కావు. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మెదడు లోతుల్లో తీగ: డీబీఎస్

ఇప్పుడు ఆశ సంగతి. పార్కిన్సన్‌కు లెవోడోపా అనే మందు 1960ల నుంచి వాడుకలో ఉంది. ఆ పదార్థం మన పొలం గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో కూడా ఉంటుంది. 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మన దేశ శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని వేరుచేశారు. అలాగని మాత్రలతో పాటు దూలగొండి పొడి కూడా సొంతంగా తినకండి, మోతాదు మించుతుంది.

లెవోడోపా మొదటి కొన్నేళ్లు బాగా పనిచేస్తుంది. ఆ తరువాత చిక్కు మొదలవుతుంది. మాత్ర పనిచేసే సమయం తగ్గుతూ వస్తుంది. పనిచేస్తున్నప్పుడు ఒళ్లు అనవసరంగా మెలికలు తిరుగుతుంది, దిగిపోగానే మనిషి బిగుసుకుపోతాడు. సరిగ్గా ఈ దశలో ఉన్నవారికే డీబీఎస్, అంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఆలిమ్ లూయి బెనాబిద్ అనే శస్త్రవైద్యుడు 1987లో ఈ పద్ధతికి దారి వేశారు. అంతకుముందు వణుకు తగ్గించడానికి మెదడులో చిన్న భాగాన్ని కాల్చేవారు. కాల్చేముందు సరైన చోటేనా అని తెలుసుకోవడానికి కరెంటు పెట్టి చూసేవారు. వేగంగా, సెకనుకు వంద సార్లకు పైగా కరెంటు స్పందన ఇస్తే కాల్చకుండానే వణుకు ఆగుతుందని ఆయన గమనించారు. కాల్చింది తిరిగి రాదు. కరెంటునైతే పెంచవచ్చు, తగ్గించవచ్చు, ఆపేయవచ్చు. కీలకమైన మార్పు అదే. అమెరికాలోని ఎఫ్‌డీఏ సంస్థ 1997లో వణుకుకు, 2002లో పార్కిన్సన్‌కు దీన్ని ఆమోదించింది.

శస్త్రచికిత్స ఇలా ఉంటుంది. తలకు చట్రం బిగించి, ఎమ్మారై చిత్రాల సాయంతో, దాదాపు శనగగింజంత ఉండే భాగాన్ని గుర్తిస్తారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని తీగలను అక్కడికి దించుతారు. చాలాచోట్ల రోగిని మెలకువగానే ఉంచి, చెయ్యి ఎత్తమని, వేళ్లు ఆడించమని చెబుతూ చోటు సరిచూసుకుంటారు. మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు కాబట్టి ఇది సాధ్యం. తరువాత ఛాతీ పైభాగంలో, మెడ ఎముక కింద, గుండె పేస్‌మేకర్ లాంటి బ్యాటరీ పెట్టి, చర్మం లోపలి నుంచే తీగ కలుపుతారు. కొన్ని వారాల తరువాత డాక్టరు బయటి నుంచే యంత్రంతో కరెంటు మోతాదు సరిచేస్తారు. ఇది ఒక్క రోజుతో అయ్యేది కాదు, నెలల తరబడి కొద్దికొద్దిగా సరిదిద్దాలి.

దీనివల్ల తగ్గేవి వణుకు, బిగుసుకుపోవడం, నెమ్మదితనం, మెలికలు. లెవోడోపాకు లొంగని లక్షణాలు సాధారణంగా దీనికీ లొంగవు. తూలి పడిపోవడం, మాట ముద్దగా రావడం, మతిమరుపు దీనితో బాగుపడతాయని ఆశించకూడదు. మతిమరుపు బాగా ముదిరినవారికి అసలు చేయరు. జబ్బు లోలోపల ముదరడాన్ని ఇది ఆపదు. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ముప్పు కొద్దిమందిలో ఉంటుంది. బ్యాటరీ మామూలుదైతే కొన్నేళ్లకు మార్చాలి, ఛార్జింగ్ పెట్టుకునేదైతే ఎక్కువ కాలం వస్తుంది. అంటే ఖర్చు శస్త్రచికిత్స రోజుతో ముగియదు. ఈ సంగతి లెక్క వేసుకోకుండా పొలం అమ్మకండి.

పైనుంచే పనిచేసే అయస్కాంతం: టీఎంఎస్

మన నౌబాద్ కారెజ్ అందరికీ తెలుసు. నీళ్లు భూమి లోతున సొరంగంలో పారుతుంటాయి. పైన అక్కడక్కడ బావుల్లాంటి నోళ్లు ఉంటాయి. ఒక నోటి దగ్గర పూడిక తీస్తే ఆ మేలు కింద పారే కాలువకంతా అందుతుంది. మెదడు పైపొర, లోపలి భాగాల సంబంధం కూడా కొంత అలాంటిదే. టీఎంఎస్ పనిచేసేది ఈ సూత్రం మీదే.

1831లో ఫారడే కనిపెట్టిన విషయం బడిలో చదువుకున్నాం: మారుతున్న అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుంది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తల మీద తీగచుట్ట పెట్టి, పుర్రెను ముట్టుకోకుండానే మెదడులోని కణాలను ప్రేరేపించవచ్చని చూపించింది. కుంగుబాటు చికిత్సకు ఎఫ్‌డీఏ 2008లో, వదలని తలపులూ చేసిందే చేసే అలవాట్లూ పీడించే ఓసీడీకి 2018లో అనుమతి ఇచ్చింది.

ఇందులో మత్తు లేదు, కోత లేదు. రోగి కుర్చీలో మెలకువగా కూర్చుంటారు. టకటకమని చప్పుడు వస్తుంది, తల మీద వేలితో తట్టినట్టు ఉంటుంది. సాధారణంగా వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తారు. ఒక్కో సారి అరగంటకు పైగా పట్టేది. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన కెనడా పరిశోధనలో, మూడు నిమిషాల కొత్త పద్ధతి 37 నిమిషాల పాత పద్ధతికి ఏమీ తీసిపోలేదని తేలింది. తలనొప్పి, పెట్టిన చోట మంట సాధారణంగా కనిపించే ఇబ్బందులు. మూర్ఛ రావడం చాలా అరుదు. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారు ముందే చెప్పాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కోత లేని చికిత్స కాబట్టి దీన్ని అన్నిటికీ మందన్నట్టు ప్రచారం చేసేవారు ఉన్నారు. పిల్లల చదువుకు, జ్ఞాపకశక్తికి, ఆటిజంకు, అన్నిటికీ ఒకే యంత్రం అంటే అనుమానించండి. టీఎంఎస్‌కు గట్టి ఆధారాలు ఉన్నవి కొన్ని జబ్బులకే, వాటిలో మొదటిది మందులకు లొంగని కుంగుబాటు. అది కూడా అందరికీ గుణం ఇవ్వదు.

మూర్ఛకు, ఇతర జబ్బులకు

మందులకు లొంగని మూర్ఛ ఉండి, శస్త్రచికిత్సకు వీలుకానివారికి మెడలో ఎడమవైపు వేగస్ నాడికి తీగ చుట్టి, ఛాతీలో బ్యాటరీ పెట్టే వీఎన్‌ఎస్ పద్ధతి ఉంది. ఎఫ్‌డీఏ దీన్ని 1997లో ఆమోదించింది. ఇది మూర్ఛలను తగ్గిస్తుంది, పూర్తిగా ఆపడం తక్కువ. మూర్ఛ మందులు మాత్రం కొనసాగాలి. అదే వేగస్ నాడి ప్రేరణను పక్షవాతం తరువాత చెయ్యి కదలికకు, వ్యాయామంతో కలిపి వాడడానికి 2021లో అనుమతి వచ్చింది.

టీడీసీఎస్ అనేది అన్నిటికంటే సాదా యంత్రం. రెండు మిల్లీ ఆంపియర్ల లోపు కరెంటును తల మీది తడి స్పాంజీల ద్వారా ఇస్తారు. స్కిజోఫ్రీనియాలో చెవిలో గొంతులు వినిపించే బాధకు దీన్ని వాడి చూడడంలో బెంగళూరు నిమ్హాన్స్‌లోని డాక్టర్ గణేశన్ వెంకటసుబ్రమణియన్ బృందం ఎన్నో పరిశోధనలు చేసింది. సాదా యంత్రమే కదా అని ఇంటర్నెట్‌లో కొని ఇంట్లో పెట్టుకోవద్దు. తప్పు చోట పెడితే చర్మం కాలుతుంది, మేలు మాత్రం ఉండదు.

ఇటీవలి మార్పులు రెండు చెప్పుకోవాలి. ఒకటి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతిలో టీఎంఎస్‌ను రోజుకు పది సార్లు చొప్పున ఐదు రోజుల్లో ముగిస్తారు. 2022లో దానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. రెండు, పార్కిన్సన్‌కు పెట్టే డీబీఎస్ యంత్రం మెదడు సంకేతాలను తానే చదివి, అవసరాన్ని బట్టి కరెంటు పెంచి తగ్గించే పద్ధతికి 2025 ఫిబ్రవరిలో అక్కడ అనుమతి లభించింది. కుంగుబాటుకు డీబీఎస్ మాత్రం ఇంకా పరిశోధన దశలోనే ఉంది. దాన్ని ఖాయమైన చికిత్సగా ఎవరైనా చెబితే నమ్మకండి.

బీదరు నుంచి ఎటు వెళ్లాలి?

మొదటి మెట్టు మన ఊళ్లోనే ఉంది. బ్రిమ్స్ బోధనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ చూపించుకుని, రాయించుకున్న కాగితంతో పైదవాఖానకు వెళ్లడం మంచిది. మానసిక, నాడీ వైద్యానికి ధార్వాడలో డిమ్హాన్స్, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. నిమ్హాన్స్ 1974లో ఏర్పడింది. జిల్లా స్థాయికి మానసిక వైద్యం తీసుకుపోవచ్చని 1980లలో అది చేసి చూపిన ప్రయోగం జరిగింది మన తెలుగువారు ఎక్కువగా ఉన్న బళ్లారి జిల్లాలోనే. ఆ నమూనాతోనే 1996లో దేశవ్యాప్త జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది.

కానీ మనకు బెంగళూరు దూరం, హైదరాబాదు దగ్గర. 1956 దాకా మనం ఉన్నది హైదరాబాద్ రాష్ట్రంలోనే. పంజాగుట్టలోని నిమ్స్‌లో నాడీవైద్య విభాగంలో డాక్టర్ రూపమ్ బొర్గొహైన్ వంటివారి కృషితో పార్కిన్సన్‌కు డీబీఎస్ ఏళ్ల తరబడి జరిగింది. దీన్ని చేసే ప్రైవేటు ఆసుపత్రులూ అక్కడ ఉన్నాయి. చిక్కల్లా కార్డుల దగ్గర వస్తుంది. తెలంగాణ ఆరోగ్యశ్రీ తెలంగాణవారికి. మన చేతిలో ఉన్నది ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కార్డు. ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు, ఎంతవరకు వర్తిస్తుందో బయలుదేరకముందే రాతలో తెలుసుకోండి. సరిహద్దు దాటాక తెలిస్తే తిరుగు ప్రయాణమే మిగులుతుంది.

కాగితాల పని చేసి రిటైరైన వాళ్లం కాబట్టి నాలుగు మాటలు చెప్పగలం.

ఒకటి: ఆరోగ్య బీమా ఉన్నవారు గమనించండి. 2019లో ఐఆర్‌డీఏఐ జారీచేసిన మార్గదర్శకాల్లో బీమా నుంచి మినహాయించకూడని ఆధునిక చికిత్సల జాబితాలో డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ పేరు ఉంది. పరిమితి పెట్టవచ్చు గానీ పూర్తిగా కాదనడానికి లేదు. తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి.

రెండు: మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షన్ ప్రకారం శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి.

మూడు: 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్, మానసిక అనారోగ్యం రెండూ ఉన్నాయి. వైద్య బోర్డు పరీక్ష చేయించుకుని యూడీఐడీ కార్డుకు దరఖాస్తు పెట్టవచ్చు.

నాలుగు: ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి సహాయ నిధులకు అర్జీ పెట్టాలంటే ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా పత్రం, ఆదాయ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ముందు నుంచే ఫైల్లో ఉంచండి. డిశ్చార్జ్ కాగితం ఒక్కటి కూడా పారేయవద్దు.

భాష కూడా వైద్యంలో భాగమే

విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంది. కుంగుబాటు కనిపించదు. దాన్ని మనిషి నోటితో చెప్పాలి. "గుండెల్లో బరువుగా ఉంది", "ఏమీ తోచట్లేదు", "పొద్దున లేవబుద్ధి కావట్లేదు" అని తల్లిభాషలో చెప్పుకునే అవ్వను, బజారు కన్నడంలోనో వచ్చీరాని ఉర్దూలోనో చెప్పమంటే "తలనొప్పి" అని ఒక్క మాటతో సరిపెడుతుంది. తలనొప్పి మాత్ర తీసుకుని ఇంటికి వస్తుంది. జబ్బు అలాగే ఉంటుంది. ఎవరికి ఈసీటీ కావాలి, ఎవరికి టీఎంఎస్ చాలు, ఎవరికి మందే సరిపోతుంది అన్న నిర్ణయమంతా ఈ మాటల మీదే ఆధారపడి ఉంటుంది. ఎంత గొప్ప యంత్రం వచ్చినా, రోగి బాధ డాక్టరు చెవిన సరిగ్గా పడకపోతే ఆ యంత్రం ఎందుకూ కొరగాదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడే వీలుంది. ఇంట్లో ఎవరైనా "నేను లేకపోతేనే నయం" అన్న మాట అంటే దాన్ని అలకగా తీసిపారేయకండి. వారిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఫోన్ చేయండి, దవాఖానకు తీసుకెళ్లండి. నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి పరువు సంగతీ కాదు.

డాక్టరును అడగవలసిన ప్రశ్నలు

ఈ చికిత్స ఏ లక్షణాన్ని తగ్గిస్తుంది, ఏ లక్షణాన్ని తగ్గించదు? మందులు సరైన మోతాదులో, తగినంత కాలం వాడి చూశామా? మీ దవాఖానలో ఇది ఎంతమందికి చేశారు? తరువాత సరిదిద్దడానికి ఎన్నిసార్లు రావాలి? బ్యాటరీ ఎన్నేళ్లు, మార్చడానికి ఎంత? వద్దనుకుంటే వేరే దారి ఏమిటి? ఈ ఆరు ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టరు దగ్గరే సంతకం పెట్టండి.

కాగితాలు చదివించుకోవాలన్నా, అర్జీ రాయించుకోవాలన్నా, దవాఖానలో తెలుగు నుంచి కన్నడంలోకి మాట చేర్చే మనిషి కావాలన్నా సంఘం సభ్యులకు చెప్పండి. ఎవరి జబ్బు సంగతీ మా నోట బయటికి రాదు. అడగడానికి సిగ్గుపడి ఆలస్యం చేయవద్దని మాత్రం మా మనవి.